యుద్ధం పుట్టిన తేదీ అడిగే మాస్టార్లకు ఒక బహిరంగ లేఖ

గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ ప్రపంచ చరిత్ర చెప్పే మాస్టార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయిన దాన్ని. మీ పనిలోని మనిషినే కాబట్టి చనువు తీసుకుని రాస్తున్నాను. ఎక్కడైనా మాట కరుకుగా తగిలితే, పెద్దావిడ సణుగుడు అనుకుని సర్దుకోండి.

అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్-1కి చదువుతున్న మా మనవరాలు పోయిన నెల ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. "అమ్మమ్మా, సంపూర్ణ యుద్ధం ఎప్పుడు మొదలైంది?" నిద్రమత్తులో ఉన్నాను. "సంపూర్ణ" అనగానే ముందు రామాయణం, తర్వాత సూర్యగ్రహణం గుర్తొచ్చాయి. టోటల్ వార్ గురించి, అంటే దేశంలోని జనమంతా భాగమైపోయే యుద్ధం గురించి అడుగుతోందని తెలిశాక, "ఎవరిని అడిగితే వాళ్లు ఒక తేదీ చెబుతారే" అన్నాను. "అలా చెబితే మార్కులు రావు అమ్మమ్మా. నాలుగు ఆప్షన్లే ఇచ్చారు. 1618, 1793, 1861, 1914. నేను 1793 పెట్టాను. కీలో 1914 అని ఉంది. మూడో వంతు మార్కు కోసేశారు."

అది ఏ ఇన్‌స్టిట్యూట్ మాక్ టెస్టో ఇక్కడ అనవసరం. దాంతోపాటు ఇచ్చిన వివరణ కాగితాన్ని వాట్సాప్‌లో పంపింది. అందులో రెండు వాక్యాలున్నాయి. 1914కు ముందు ఐరోపాలో యుద్ధాలు రాజుల మధ్య, వాళ్ల సైన్యాల మధ్య జరిగేవట. సామాన్య ప్రజలకు వాటితో సంబంధం ఉండేది కాదట. మార్కు పోతే పోయింది, ఆ రెండో వాక్యమే నన్ను తెల్లవారే దాకా పడుకోనివ్వలేదు. ఈ ఉత్తరం దాని మీదే.

జర్మనీలో ఎల్బే నది ఒడ్డున మాగ్డెబర్గ్ అని ఒక ప్రొటెస్టెంట్ పట్నం ఉంది. ముప్పై ఏళ్ల యుద్ధం నడుస్తుండగా 1631 మే 20న టిల్లీ నాయకత్వంలోని కాథలిక్ పక్షపు సైన్యం గోడలెక్కి అందులోకి దిగింది. పొద్దు గూకే లోపు ఊరంతా అంటుకుంది. 1,900 కట్టడాల్లో దాదాపు 1,700 బూడిదయ్యాయి. గోడల లోపల పాతిక వేల మంది దాకా ఉంటే, 20 వేల మంది పోయారని అంచనా. కత్తికి కొందరు, మంటకు, పొగకు ఇంకెందరో. మరుసటి ఏడు ఫిబ్రవరిలో తలలు లెక్కపెడితే 449 మంది తేలారు. ఊరు కాలిన ఏడాదే ఈ ఒక్క ఊరి గురించి రెండు వందలకు పైగా కరపత్రాలు అచ్చయ్యాయి. జర్మన్ భాషలో ఊరి పేరే క్రియాపదమైపోయింది. మాగ్డెబర్గ్ చేయడం అంటే ఊరిని నామరూపాల్లేకుండా చేయడం.

ఆ పొద్దున గోడెక్కిన వాళ్లలో పీటర్ హాగెండార్ఫ్ అనే కిరాయి సిపాయి ఉన్నాడు. ఇతను డైరీ రాసుకున్నాడు. చాలాకాలం ఎవరిదో తెలియకుండా బెర్లిన్ లైబ్రరీలో పడి ఉన్న ఆ డైరీని 1993లో అచ్చు వేశారు. పాతికేళ్లలో 22 వేల కిలోమీటర్లకు పైగా కాలినడకన తిరిగిన మనిషి, దారి పొడుగునా పిల్లల్ని కని, పుట్టిన వాళ్లలో ఎక్కువ మందిని దారి పక్కనే పాతిపెట్టుకున్నాడు. మాగ్డెబర్గ్‌లో అతనికి రెండు గుండ్లు తగిలాయి. గుడారంలో పడుకోబెడితే, అతని భార్య మండుతున్న ఊళ్లోకి వెళ్లి పక్కబట్టలూ కట్టు గుడ్డలూ వెతికి, ద్రాక్ష సారాయి కూజా, వెండి మొలనూళ్లు కూడా తెచ్చింది. ఇంత జరిగాక అతను రాసుకున్నది ఏమిటంటే, ఊరు తగలబడుతుంటే గుండె తరుక్కుపోయిందని. ఊరు అందమైనదనీ, అది తన సొంత సీమ అనీ. రాజుల మధ్య, సైన్యాల మధ్య అన్న గీత ఈ కుటుంబంలో ఎక్కడ గీస్తారో నాకు తెలియదు. మొగుడు సైన్యం. పెళ్లాం ఏమిటి? ఆ బిడ్డలు ఏమిటి?

ఇంకో చిన్న ముచ్చట. హైస్కూల్ ఫిజిక్స్‌లో మీ విద్యార్థులంతా మాగ్డెబర్గ్ అర్ధగోళాల బొమ్మ చూసే ఉంటారు. రెండు లోహపు చిప్పల్లోంచి గాలి తీసేస్తే గుర్రాలు కూడా వాటిని విడదీయలేకపోయాయి. ఆ ప్రయోగం చేసిన ఒట్టో ఫాన్ గెరికె ఈ మంటల్లోంచి బతికి బయటపడ్డ ఊరి ఇంజనీరు. డబ్బు చెల్లించి విడిపించుకుంటే బయటికొచ్చాడు, ఆ రోజు చూసిందంతా రాసిపెట్టాడు, తర్వాత అదే ఊరికి మేయరయ్యాడు. గుర్రాల బొమ్మ మనకు తెలుసు, ఆ ఊరి కథ తెలియదు.

ఇక్కడిదాకా ఫోన్లో చెబితే మా పిల్ల ఎగిరి గంతేసింది. "అయితే 1618 కరెక్టా?" అంది. ముప్పై ఏళ్ల యుద్ధం మొదలైన సంవత్సరం కదా. కాదే తల్లీ అన్నాను. ఊరు తగలబెట్టడమే సంపూర్ణ యుద్ధమైతే లంకాదహనం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. దండు దోచుకోవడం, ఆడవాళ్లను చెరచడం, పంట తగలబెట్టడం మనిషి ఊళ్లు కట్టుకున్నప్పటి నుంచీ ఉన్నవే. నిజానికి మాగ్డెబర్గ్ అలా కాలిపోవడం టిల్లీకి కూడా నష్టమే. కొల్లగొట్టి తిండీ తిప్పా సమకూర్చుకోవలసిన ఊరు చేతిలోనే బూడిదైంది. అక్కడ జరిగింది అదుపు తప్పిన హింస. నేను చెప్పదలచుకున్నది దానికి పూర్తిగా ఎదురుగా ఉన్న సంగతి, అదుపులో ఉన్న హింస. దాని పనిముట్టు కత్తి కాదు, చిట్టా.

మన పల్లెల్లో ఒక మాట ఉండేది, దొంగ పడితే ఇల్లు పోతుంది, కరణం రాస్తే తరం పోతుందని మా నాన్న అనేవారు. ఐరోపాలో ఆ తేడా 1620లలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1625లో వాలెన్‌స్టైన్ అనే బొహీమియా ప్రభువు పవిత్ర రోమన్ చక్రవర్తి రెండో ఫెర్డినాండ్ దగ్గరికి వెళ్లి సైన్యం పోగుచేసి ఇస్తానన్నాడు. ఖజానా ఖాళీ. జీతాలెలా? దానికతను దొరికిందల్లా దోచుకునే పద్ధతి వదిలేసి కాంట్రిబ్యూషన్ అనే వసూలును పెద్ద ఎత్తున నడిపాడు. అమీన్లు ముందుగా వచ్చి ఊరి పెద్దల్ని కూర్చోబెడతారు. ఇన్ని ఇళ్లు, ఇన్ని పొలాలు, ఇన్ని పీపాల బీరు, కాబట్టి వారానికి ఇంత అని కాగితం రాస్తారు. ఊరే తనలో తాను పంచుకుని వసూలు చేసి కట్టాలి. కడితే రక్షణ పత్రం ఇస్తారు, దాన్ని ద్వారానికి అంటించుకోవచ్చు. కట్టకపోతే తగలబెడతారు. ఆ వసూలుకు పాత జర్మన్‌లో ఉన్న పేరులోనే నిప్పు ఉంది. తగలబెట్టకుండా ఉండేందుకు కట్టే పన్ను అని అర్థం. మరాఠాల చౌత్ వసూలు గురించి చదివిన మన పిల్లలకు ఇది అరగంట పాఠం కాదు, అర నిమిషం పాఠం.

ఇందులో మొదటి బాధితుడు రైతే, కానీ ఒక్కడే కాదు. వాలెన్‌స్టైన్‌కు అప్పులు సమకూర్చిన షావుకారు హాన్స్ డి విట్టె ప్రాగ్‌లో ఉండేవాడు. రేపు వచ్చే వసూళ్ల మీద ఇవాళ అప్పు పుట్టించడం అతని పని. 1630లో చక్రవర్తి వాలెన్‌స్టైన్‌ను పదవి నుంచి తప్పించగానే ఆ కాగితాల మేడ కూలింది. డి విట్టె తన ఇంటి నూతిలో దూకి చచ్చిపోయాడు. ఒక సేనాని ఉద్యోగం పోతే ఒక బ్యాంకరు నూతిలో పడటం, ఇది పాత కాలపు రాజుల కొట్లాట లక్షణం కాదు. అటు వాలెన్‌స్టైన్ సొంత జాగీరు ఫ్రిడ్‌లాండ్ మొత్తాన్ని సైన్యానికి పెరడు చేసేశాడు. రొట్టె, మందుగుండు, గుడ్డలు, వేల జతల బూట్లు అక్కణ్ణుంచే. ఆ జాగీరులో మాత్రం తన సైనికులు కాలు పెట్టకూడదు. పాలిచ్చే గేదెను ఎవరైనా కొడతారా?

ఈ వ్యవస్థ కింద మామూలు మనిషి బతుకు ఎలా ఉండేదో చెప్పడానికి ఉల్మ్ పట్నం దగ్గరి పల్లెలో చెప్పులు కుట్టిన హాన్స్ హెబర్లె చాలు. అతనూ రాసుకున్నాడు. యుద్ధం ముగిసే లోపు పెళ్లాం బిడ్డల్ని తీసుకుని ఉల్మ్ గోడల చాటుకు సుమారు ముప్పై సార్లు పరుగెత్తాడు. ఏ జెండా వస్తుందో చూసి పరుగెత్తలేదు. అన్ని జెండాలూ అదే వసూలు చేసేవి. 1648లో సంధి కుదిరే నాటికి జర్మన్ నేలల జనాభాలో అయిదో వంతు తగ్గిందనే వాళ్లున్నారు, మూడో వంతు అనే వాళ్లూ ఉన్నారు. వుర్టెంబర్గ్ లాంటి చోట్ల సగానికి పైగా. చచ్చిన వాళ్లలో ఎక్కువ మంది ఆకలికీ ప్లేగుకూ బలైనవాళ్లే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన ఊరికి వస్తున్నాను. అక్కడ యుద్ధమే జరగలేదు. స్వీడన్ ఉత్తరాన బిగ్దియో అనే ఒక పారిష్, అంటే ఒక చర్చి కింద ఉండే పల్లెల గుంపు. శత్రువు అక్కడికి ఎప్పుడూ రాలేదు. 1621 నుంచి 1639 దాకా ఈ ఒక్క పారిష్ నుంచి 230 మందిని పోలండ్, జర్మనీ యుద్ధాలకు పట్టుకెళ్లారు. 215 మంది అక్కడే పోయారు. అయిదుగురు అవిటివాళ్లయి తిరిగొచ్చారు. పారిష్‌లో పెద్దవయసు మగవాళ్లు 1621లో 468 మంది, 1639కి 288. ఏటేటా పట్టుకెళ్లే వాళ్ల వయసు తగ్గుతూ వచ్చింది. చివరికి మీసం రాని పిల్లలే మిగిలారు. వీళ్లలోనూ ఎక్కువ మంది కోటల్లో, మురికి బారకాసుల్లో జ్వరాలకు పోయారు, యుద్ధభూమిలో కాదు.

ఇంత ఖచ్చితంగా ఎలా తెలుసు? అదే అసలు సంగతి. లెక్క రాశారు కాబట్టి. ఫిన్లాండ్‌తో కలిపినా 15 లక్షల జనం లేని స్వీడన్, రాజు గుస్తావస్ అడాల్ఫస్ కాలంలో ఐరోపా మొత్తాన్ని ఎదిరించే సైన్యాన్ని నిలబెట్టింది. ఎలాగంటే ప్రతి పారిష్ పాదిరీ పదిహేనేళ్లు దాటిన ప్రతి మగవాడి పేరూ రాసి ఇవ్వాలి. వాళ్లను పదేసి మందిగా విడగొట్టి, పది మందికి ఒకణ్ణి సైన్యంలోకి తీసుకుంటారు. గనుల్లో పనిచేసేవాళ్లకు, ఆయుధాల తయారీలో ఉన్నవాళ్లకు మినహాయింపు. ఈ మినహాయింపు దగ్గర ఒక్క క్షణం ఆగండి. దయతో ఇచ్చిన మినహాయింపు కాదది. ఎవరు కత్తి పట్టాలి, ఎవరు రాగి తవ్వాలి అని ప్రభుత్వం దేశంలోని మగవాళ్లందరినీ ఒకే పట్టికగా చూసి పంచుతోంది. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, చావులు రాసే చేతితోనే పాదిరీ ఈ పట్టికా రాశాడు. 1916 డిసెంబరులో జర్మనీ 17 నుంచి 60 ఏళ్ల ప్రతి మగవాడూ యుద్ధ సేవకు బద్ధుడని చట్టం చేసింది. దాన్ని మీరు క్లాసులో సంపూర్ణ యుద్ధానికి ఉదాహరణగా చెబుతారు, నేనూ చెప్పాను. బిగ్దియో పాదిరీ పట్టిక దానికి మూడు వందల ఏళ్ల ముందుది.

బిగ్దియో గురించి క్లాసులో చెప్పినప్పుడల్లా ఒకే ప్రశ్న వచ్చేది: "మేడమ్, వాళ్లెందుకు ఊరుకున్నారు?" పారిపోయిన వాళ్లున్నారు, డబ్బిచ్చి వేరే వాణ్ణి పంపిన వాళ్లున్నారు. అయినా పట్టిక రాసేది పరాయి అమీను కాదు, నీ పెళ్లి చేసిన పాదిరీ. పది మందిలో నువ్వు తప్పించుకుంటే పక్కింటివాడు పోతాడు. ఊరినే ఊరి మీద కాపలా పెట్టడం అంటే అది. దాని కంటే గట్టి తుపాకీ ఆ శతాబ్దంలో ఎవరూ చేయలేదు.

1955లో బెల్‌ఫాస్ట్‌లో మైకేల్ రాబర్ట్స్ అనే చరిత్రకారుడు ఇచ్చిన ఉపన్యాసంతో సైనిక విప్లవం అనే చర్చ మొదలైంది. 1560కీ 1660కీ మధ్య సైన్యాల కవాతు, సంఖ్య, వాటితో పాటు రాజ్యాల స్వరూపం మారిపోయాయని ఆయన వాదం. జెఫ్రీ పార్కర్ దాన్ని కోటల వైపు, ఫిరంగుల వైపు, సముద్రాల వైపు తిప్పారు. ఆ చర్చలోకి దిగితే ఈ ఉత్తరం పుస్తకమవుతుంది, వదిలేస్తున్నాను. మన అవసరానికి ఒక్క ముక్క చాలు. సైన్యం పెరిగిన కొద్దీ దాన్ని మేపే చిట్టా పెరిగింది, చిట్టా పెరిగిన కొద్దీ అందులోకి ఎక్కని మనిషి తగ్గిపోయాడు.

అదే చిట్టా ఊళ్లను తగలబెట్టడానికి కూడా పనికొస్తుందని ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ కాలంలో తేలింది. ఈసారి సేనాని ఆవేశం లేదు, సైనికుల తాగుడు లేదు. 1688, 89 శీతాకాలంలో వెర్సాయ్‌లోని యుద్ధమంత్రి లువ్వా కార్యాలయం నుంచి ఉత్తర్వులు వెళ్లాయి. రైన్ నది పక్క పలాటినేట్‌ను శత్రు సైన్యానికి పిడికెడు గడ్డి కూడా దొరక్కుండా ఖాళీ చేయాలి. మాన్‌హైమ్ జనానికి మీ ఇళ్లు మీరే కూలగొట్టుకోండన్నారు. హైడెల్‌బర్గ్, స్పేయర్, వోర్మ్స్ వరసగా కాలాయి. స్పేయర్ కెథడ్రల్‌లో చక్రవర్తుల సమాధులను కూడా వదల్లేదు. ఆ పనిలో పేరు మోసిన సేనాని మేలాక్. ఆ ప్రాంతపు రైతులు తర్వాత కుక్కలకు మేలాక్ అని పేరు పెట్టుకున్నారు. కోపం తీర్చుకోవడానికి వాళ్ల దగ్గర మిగిలింది అదొక్కటే. మాగ్డెబర్గ్‌కీ స్పేయర్‌కీ మధ్య యాభై ఎనిమిదేళ్లు. మాగ్డెబర్గ్‌ను ఎవరు ముందు అంటించారో అప్పటి నుంచీ వాదించుకుంటూనే ఉన్నారు. స్పేయర్ విషయంలో ఆ వాదనే లేదు. ఉత్తర్వు మీద సంతకం ఉంది.

ఇదే లూయీ 1709లో, ఘోరమైన చలికి పంటలు పోయి జనం మాడుతుంటే, శత్రువులు అడిగిన సంధి షరతులు ఎందుకు ఒప్పుకోలేకపోయానో వివరిస్తూ జూన్‌లో ఒక బహిరంగ లేఖ రాయించి దేశమంతటా పంచాడు. దేవుడికి తప్ప ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదనుకున్న రాజు రైతుకు సంజాయిషీ చెప్పుకున్నాడు. జనానికి సంబంధం లేని యుద్ధమైతే ఆ ఉత్తరం ఎవరి కోసం?

మీ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. ఆ వివరణ కాగితం గాల్లోంచి ఊడిపడింది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో కొన్ని దశాబ్దాల పాటు ఐరోపా దొరలు నిజంగానే యుద్ధాన్ని లైన్లో పెట్టామనుకున్నారు. గిడ్డంగుల నుంచి తిండి, క్రమశిక్షణ, ఖైదీల మార్పిడి, రైతు జోలికి పోకుండా ఉండటం. అందుకే గీత 1618 నుంచి 1914 దాకా తిన్నగా ఎక్కిందని నేను చెప్పను, చెబితే అదీ అబద్ధమే. కానీ ఆ దొరతనం కూడా అందరి దగ్గరా ఒకలా లేదు. 1756-63 నాటి ఏడేళ్ల యుద్ధంలో ప్రష్యా తన ఊళ్లను, తన మనుషుల్ని ఎంతగా ఖర్చు చేసిందో ప్రష్యా రైతును అడగాలి. అదే యుద్ధం తునక ఒకటి 1758 డిసెంబరులో మన చందుర్తిలో పడింది, ఆ వెనకే మచిలీపట్నం కోట ఫ్రెంచివాళ్ల చేతి నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి మారింది. తమ ఇంట్లో పాటిస్తున్నామన్న మర్యాదలు సముద్రం దాటి రాలేదు. సర్కారు జిల్లాల చరిత్ర చెప్పేటప్పుడు చందుర్తిని ఒక చోట, ఏడేళ్ల యుద్ధాన్ని ఇంకో చోట పెట్టి చెప్పే అలవాటు కూడా మనందరిదీ.

ఇక మా మనవరాలి 1793. ఆ ఏడాది ఆగస్టు 23న విప్లవ ఫ్రాన్స్ చట్టసభ అయిన జాతీయ కన్వెన్షన్ ఒక శాసనం చేసింది. శత్రువులు దేశం వదిలిపోయే దాకా ఫ్రెంచి వాళ్లంతా సైన్యం పని కింద లెక్క. కుర్రాళ్లు పోరాటానికి వెళ్తారు. పెళ్లయిన మగవాళ్లు ఆయుధాలు తయారు చేస్తారు, తిండి మోస్తారు. ఆడవాళ్లు గుడారాలు, బట్టలు కుడతారు, ఆస్పత్రుల్లో సేవ చేస్తారు. పిల్లలు పాత గుడ్డలు చీల్చి గాయాలకు దూది చేస్తారు. ముసలివాళ్లను చౌరస్తాలకు మోసుకెళ్లి కూర్చోబెడితే, రాజుల మీద ద్వేషం, రిపబ్లిక్ మీద భక్తి నూరిపోస్తారు. ఒక్క ఊపిరి తీసుకునే ప్రాణి కూడా బయట మిగల్లేదు. ఊరి చౌరస్తాలో కుర్చీలో కూర్చుని అరవడం నా వంతు అన్నమాట. ఇప్పుడు అదే పని చేస్తున్నానేమో!

బిగ్దియో పట్టికకూ దీనికీ తేడా ఒక్కటే, కానీ చాలా పెద్దది. పాదిరీ పట్టికలో నీ పేరు ఎక్కితే అది నీ ఖర్మ. ఈ శాసనంలో నీ పేరు ఎక్కితే అది నీ గౌరవం, నీ పౌరసత్వం. పట్టిక రాసేవాడు పరాయి రాజు కాదు, నువ్వే. అందుకే అది మరింత లోతుకు పోగలిగింది. 1794 నాటికి కాగితం మీద పది లక్షలు, వాస్తవంగా ఏడున్నర లక్షల మంది దాకా ఆయుధం పట్టి నిలబడ్డారు. పారిస్‌లో లక్సెంబర్గ్ తోటలో, ఇన్వాలిడ్ మైదానంలో ఆరుబయట కొలుములు పెట్టి తుపాకులు చేశారు.

సురేకారం కథ ఇంకా విచిత్రం. తుపాకి మందులో నాలుగింట మూడు వంతులు సురేకారమే. ప్రపంచంలో మేలైన సురేకారం మన బీహార్ నేలల్లో తయారయ్యేది. ప్లాసీ తర్వాత ఆ వ్యాపారం ఇంగ్లీషువాళ్ల గుప్పిట్లోకి పోయింది. పట్నా సరుకు లేని ఫ్రాన్స్ తన నేలమాళిగల్లోని మట్టినే గోకాల్సి వచ్చింది. 1793 డిసెంబరు నాటి ఉత్తర్వుతో ప్రతి పౌరుణ్ణీ ఇంటి అడుగు మట్టిని కడిగి సురేకారం తీయమన్నారు. మరుసటి ఏడు మొదట్లో జిల్లాకు ఇద్దరు చొప్పున పారిస్‌కు పిలిపించి, మోంజ్, బెర్తొలే లాంటి పేరున్న శాస్త్రవేత్తలతో పాఠాలు చెప్పించారు. దేశంలో సురేకారం ఉత్పత్తిని అంతకు ముందు గాడిలో పెట్టిన వాళ్లలో ముఖ్యుడు లవోజియే. పన్నులు వసూలు చేసిన గుత్తేదారుల్లో ఒకడని అతణ్ణి అదే 1794 మే 8న గిలటిన్ ఎక్కించారు. అతని రసాయన శాస్త్రం జాబితాలో ఉంది, అతను లేడు.

జాబితాకు రెండో వైపు అదే. పశ్చిమాన వాండే ప్రాంతం 1793 మార్చిలో తిరగబడింది. ఫిబ్రవరిలో వేసిన 3 లక్షల మంది సైనిక భర్తీ ఉత్తర్వే అక్కడ నిప్పురవ్వ. దేశమంతా సైన్యమని శాసించిన ఆగస్టులోనే, సుమారు మూడు వారాల ముందు, ఆగస్టు 1న అదే కన్వెన్షన్ వాండే అడవులు తగలబెట్టమని, పంట, పశువులు ఎత్తుకు రమ్మని తీర్మానించింది. రెండింటినీ సభ ముందు పెట్టింది ఒకే మనిషి, బారేర్. 1794 జనవరి నుంచి జనరల్ త్యురో దళాలు ఆ పల్లెల్ని నమిలేశాయి. జనం వాటికి పెట్టిన పేరు నరకపు దళాలు. వాండే పోరు మొత్తంలో అక్కడ లక్షన్నరకు పైగా పోయారని అంచనాలు. అందరూ యుద్ధంలో భాగమే అన్నాక, భాగం కానన్నవాడు శత్రువే అవుతాడు. 23 నాటి శాసనం క్లాసులో చదివి వినిపించేవాళ్లు 1 నాటి తీర్మానం కూడా చదవాలని నా గట్టి అభిప్రాయం. పోస్టర్ ఒక్కటే చూపిస్తే పాఠం కాదు, ప్రచారం.

విప్లవ ఫ్రాన్స్ చేస్తున్న యుద్ధాన్ని అవతలి వైపు నుంచి పన్నెండు, పదమూడేళ్ల ప్రష్యా కుర్రాడు ఒకడు మైంజ్ ముట్టడిలో నిలబడి చూశాడు. పేరు క్లౌజ్‌విట్జ్, తర్వాత పేరు మోసిన యుద్ధ సిద్ధాంతకర్త. యుద్ధం హఠాత్తుగా మొత్తం ప్రజల వ్యవహారమైపోయిందని తర్వాత అతను రాసినదంతా ఆ చిన్నతనపు చూపులోంచి వచ్చిందే.

అయితే 1793 కరెక్టేనా? డేవిడ్ బెల్ అనే అమెరికా చరిత్రకారుడు 2007లో దాదాపు అదే అన్నారు. నెపోలియన్ కాలపు యుద్ధాలే తొలి సంపూర్ణ యుద్ధమని ఆయన వాదం. రైళ్లు, పెద్ద ఫ్యాక్టరీలు, విమానాలు లేకుండా సంపూర్ణం ఎక్కడిదని కొట్టిపారేసిన వాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో బలం ఉంది. సురేకారం గోకిన పారిస్‌కీ, రేషన్ కార్డు పట్టుకున్న 1917 బెర్లిన్‌కీ పోలికే లేదు. ఇక ఆ పేరు సంగతి. ఫ్రాన్స్‌లో రచయిత లియోన్ దోదే 1918లో ఆ పేరుతోనే పుస్తకం వేశాడు, జర్మన్ జనరల్ లూడెన్‌డార్ఫ్ 1935లో దాన్ని సిద్ధాంతం చేశాడు. పేరు పెట్టింది ఇరవయ్యో శతాబ్దమే, అందులో మీ కీ తప్పేమీ కాదు. బారసాల చేసిన రోజును పుట్టినరోజుగా రాశారు, అంతే.

నా మట్టుకు నేను ఒక కొలబద్ద వాడుతాను. ఎంతమంది చచ్చారని చూడను. ప్రభుత్వం ఎవరెవరి పేర్లు రాసుకోగలిగింది, రాసుకున్నాక ఏమేమి అడగగలిగింది, అడిగితే ఎందుకు ఇచ్చారు అని చూస్తాను. ఆ కొలతతో చూస్తే మాగ్డెబర్గ్ కంటే బిగ్దియో ముఖ్యం, 1792లో ఫ్రాన్స్ గెలిచిన వాల్మీ యుద్ధం కంటే నేలమాళిగ మట్టి ముఖ్యం. మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకోకుండా రెండు పేజీలు రాయగలిగే అవకాశం పిల్లకు ఇవ్వండి.

అందుకని అడిగేది ఇది. "ఎప్పుడు మొదలైంది" అనే బిట్ తీసేయండి. దాని బదులు 1631 మాగ్డెబర్గ్, 1689 స్పేయర్, 1793 పారిస్ ఇచ్చి, జనం మీద హింసకు ఒక్కోచోట ఎవరు ఆజ్ఞ ఇచ్చారు, ఎవరు లెక్క రాశారు అని మెయిన్స్ పద్ధతిలో పది మార్కులకు అడగండి. ప్రజలకు సంబంధం లేదన్న వాక్యాన్ని మాత్రం మెటీరియల్‌లోంచి కొట్టేయండి. ఆ ఒక్క లైను వేలమంది పిల్లల నోట్సులోకి ఎక్కుతోంది. వాళ్లలో కొందరు రేపు తహశీల్దార్లు, కలెక్టర్లు అవుతారు. పట్టికలు రాసేది వాళ్లే.

మా మనవరాలి మూడో వంతు మార్కు వెనక్కి ఇవ్వనక్కర్లేదు. "ఆబ్జెక్షన్ పెట్టనా అమ్మమ్మా?" అంటే వద్దన్నాను. పెట్టినా 1793 అని పెట్టకు, ప్రశ్నే తప్పని పెట్టమన్నాను. ఆ కాలమ్‌లో ఇరవై పదాలకు మించి పట్టవట. మిగతావన్నీ ఇక్కడ రాశాను. బిగ్దియో మీద, సురేకారం మీద క్లాసు కోసం రాసుకున్న పాత నోట్సు నా దగ్గర రెండు బైండ్లున్నాయి. కావలసిన వాళ్లు అడిగితే జిరాక్స్ తీయించి పంపుతాను, కొరియర్ ఖర్చు నాదే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్
రాజమండ్రి